మూగ మెట్టు

మధ్యాహ్నం నమాజు అయింది, భోజనాలయ్యాయి, అందరూ చుట్టూ కూర్చుని తిన్న ఆ పెద్ద పళ్ళెం తోమి బోర్లించాను, ఇల్లంతా పడుకుంది, ఇక మసీదులో సాయంత్రం నమాజు పిలుపు, అసర్ బాంగు వినిపించేదాకా ఎవరూ లేవరు, లేవకూడదు, దేవుడా ఈ ఒక్కపూట ఎవరికీ దాహం వేయకూడదు, చిన్నపిల్ల ఉలిక్కిపడి ఏడవకూడదు, మేడమ్‌కి తలనొప్పి రాకూడదు. వంటింటి వెనక సామాను గదిలో బియ్యం బస్తా మీద కూర్చున్నాను. ఒళ్ళో సుల్తానా ఫోను. ఈ గదిలో ఏసీ లేదు, జెద్దా ఉక్కపోత, సముద్రం మీంచి వచ్చే తడి గోడల్ని కూడా చెమట పట్టిస్తుంది. సుల్తానా బయట ఇస్త్రీ బల్ల దగ్గర కాపలా ఉంది. కడప పిల్ల, నన్ను అత్తా అంటుంది, ఈ ఇంట్లో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. ఫోను నా చేతిలో పెట్టేటప్పుడు కూడా దాని నోరు ఊరుకోలేదు. "అత్తా, మోగితే పచ్చది నొక్కు. ఎర్రది నొక్కితివా, దొరికిన మొగుడు మళ్లా పాయె" అంది. నవ్వాను. నవ్వినప్పుడు గొంతులో ఏదో గీసుకున్నట్టయింది. పొద్దుట్నుంచి మిరియం గింజ బుగ్గన పెట్టుకుని చప్పరిస్తున్నాను, వేడినీళ్ళు తాగుతున్నాను, ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేదు. పచ్చది ఎడమ పక్కనుంది. పచ్చది. ఎడమ పక్క. ఫోను వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకి తిప్పి చూసుకున్నాను, ఎడమే.

దేశం దక్షిణపు కొసన ఉన్న జిజాన్ నుంచి బాలన్న ఫోను చేస్తానన్నాడు. బాలన్నని నేను చూడలేదు. జగిత్యాల పక్క మనిషట, అక్కడ ఓడరేవులో మరమ్మతు పనులు చేస్తాడట. మా ఇంటికి గ్యాసు బండలు తెచ్చే నాగేందర్ ద్వారా వచ్చింది కబురు. బండ దించి, చెమట తుడుచుకుంటూ, అమ్మా నువ్వు చెప్పుకునే హార్మణీ ఆయన లెక్కనే ఒకాయన జిజాన్‌లో ఉన్నడట అన్నాడు. నా చేతిలో గిన్నె ఉంది, అది కింద పడలేదు, నేనూ పడలేదు, అలాగే నిలబడి రబ్బరు గొట్టం గట్టిగా బిగించావా నాయనా అని అడిగాను. ఎందుకడిగానో. మామిడి తోటల్లో నీళ్ళు పెట్టే ముసలాయన, మాట తక్కువ, ఇక్కడ ఉండడానికి ఇచ్చే ఇఖామా కార్డు లేదు, పాస్‌పోర్టు లేదు, తలకి పెద్ద దెబ్బ తాలూకు మచ్చ, పేరడిగితే ఒకసారి ఒకటి చెబుతాడు, ఇంకోసారి అదీ చెప్పడు. ఎక్కణ్ణుంచి వచ్చి అక్కడ చేరాడో ఎవరికీ తెలియదు, ఇన్నేళ్ళూ అక్కడివాళ్ళు ఆయన్ని బంగ్లా వాడనుకున్నారు. బాలన్న గదికి దగ్గర్లో ఇనాయతుల్లా అని పాకిస్తానీ దర్జీ ఉన్నాడు, అతనికి హార్మోనియం ఉంది. ఒక శుక్రవారం ఈ ముసలాయన ఆ గుమ్మంలో చాలాసేపు నిలబడి, ఎవరూ పిలవకుండానే లోపలికెళ్ళి, పెట్టె ముందు కూర్చుని ఏదో తెలుగు పాట వాయించాడట. అప్పుడు తెలిసింది మనవాడని. ఊరూ పేరూ తెలిసినవాళ్ళు ఎవరైనా ఈయన ఫలానా అని చెబితే, ఎంబసీవాళ్ళు అవుట్‌పాస్ ఇస్తారు, ఇంటికి పంపిస్తారు. ఎవరూ చెప్పకపోతే ఆ తోటలోనే ఏ చెట్టు కిందో ఒకరోజు. అందుకని బాలన్న ఫోను చేస్తానన్నాడు. ఆ మనిషికి మొహాలు గుర్తులేవు, పేర్లు గుర్తులేవు. పాట ఒక్కటే గుర్తుంది. వాయించమంటాను, నువ్వు విని చెప్పు అన్నాడు.

వినగానే తెలుస్తుంది నాకు. అందులో అనుమానం లేదు. మిగతా అన్నిట్లో ఉంది. ఆయన కాకపోతే ఏం చేయాలో తెలియదు, ఆయనే అయితే ఏం చేయాలో ఇంకా తెలియదు. ఇస్త్రీ పెట్టె ఆవిరి చప్పుడు ఆగింది. ఎవరైనా లేచారా? లేదు, మళ్ళీ వినిపిస్తోంది. ఆవిరి బుస్సుమంటే నాకు కల్లు పాకే గుర్తొస్తుంది, ఆ పెట్టె గుర్తొస్తుంది. మా అమ్మ కడియం దగ్గర కల్లు పాకలో వేయించిన చేపలు అమ్మేది, నేను పక్కన కూర్చుని పాడేదాన్ని, పాడితే చేపలు తొందరగా అయిపోయేవి, అంతే, పాట అంటే అప్పటికి నాకంతే. చేపలు చుట్టే కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. సగం కథలు, సగం వార్తలు, నూనె మరక దగ్గర ఆగిపోయేవి, తరవాతేమైందో నేనే అనుకునేదాన్ని. నాటకాల కంపెనీ ఎత్తేస్తే ఆయన పెట్టె భుజాన వేసుకుని ఆ పాకకే వచ్చాడు. తాగడానికి వచ్చాడు. నా పాట విని, పిల్లా, నువ్వు పాడేది ఏ శ్రుతో నీకు తెలుసా అన్నాడు. తెలీదు, చేప కావాలా అన్నాను. చేప తిన్నాడు, డబ్బులకి బదులు వాయించాడు. ఆ రాత్రి ముంతలు లేపడం మరిచిపోయి విన్నారు జనం. అప్పట్నుంచి ఇద్దరం. ధవళేశ్వరం, రావులపాలెం, అనపర్తి, ఏ పాకలో కల్లు బాగా దిగితే ఆ పాకకి. తాగినవాళ్ళకి ఏడుపు పాటలు కావాలి, పెళ్ళాం వదిలిపోయినవాడికి పెళ్ళాం వదిలిపోయిన పాట, పెళ్ళాన్ని వదిలేసినవాడికీ అదే పాట. పేరు పెట్టి పాడమనేవాళ్ళు. పేరు పెట్టి పాడితే పైసలు ఎక్కువ.

ఒకడు, బాగా ముదిరినవాడు, తన పేరు పెట్టలేదని కోపమొచ్చి ముంతెడు కల్లు పెట్టెలో పోశాడు. ఆరబెట్టాం, తుడిచాం, ఆయన చంటిపిల్లని చూసినట్టు చూశాడు, కానీ మధ్యలో ఒక మెట్టు పోయింది. నొక్కితే స్వరం రాదు, బుస్సుమని గాలి వస్తుంది. బాగుచేయించడానికి రాజమండ్రి తీసుకెళ్ళాలి. ఇవాళా రేపా అనుకుంటూ అలాగే వాయించాడు, ఆ మెట్టు వచ్చిన చోట వేలు ఎత్తేసేవాడు, ఆ స్వరం నేను గొంతుతో అందుకునేదాన్ని. రేవు పాటలో ఆ చోటు సరిగ్గా పల్లవి చివర వస్తుంది. 'రేవు దాటి పోయినవాడా, తాడు నా చేతిలోనే ఉంది'. ఆ ఉంది అన్న దగ్గర పెట్టె ఊరుకుంటుంది, నా గొంతొక్కటే పాక మధ్యలో నిలబడుతుంది, తాగినవాళ్ళు ఊపిరి బిగబట్టేవాళ్ళు, మళ్ళీ పెట్టె వచ్చి నన్ను పట్టుకునేది. దానికోసం జనం పొరుగూళ్ళ నుంచి సైకిళ్ళ మీద వచ్చారు. ఇక ఆయన రాజమండ్రి మాట ఎత్తలేదు. తరవాత మంచి పెట్టె దొరికినా, అరువు పెట్టె వాయించినా, అక్కడ వేలు ఎత్తేసేవాడు. ఎందుకు మావా, ఇది మోగుతుందిగా అంటే, అది నీది లచ్చిమీ, నాకెందుకు అనేవాడు. లోకంలో ఇంకెవరూ అలా వాయించరు. చదువుకున్న వాయిద్యగాడెవడూ అక్కడ ఆగడు. అందుకే వినగానే తెలుస్తుందన్నాను.

ఏదో చప్పుడు. ఫ్రిజ్. అది ఆగినప్పుడల్లా ఎవరైనా లేచారేమోనని చెవి పెడుతున్నాను. పాకలన్నీ టేపు రికార్డర్లు కొన్నాయి. అదీ మా సంగతి. టేపుకి చేపముక్క పెట్టక్కర్లేదు, దాని గొంతు పట్టదు. రెండేళ్ళు తిరిగాం, ఆ తరవాత రాజోలు ఏజెంటు చెప్పాడు, సౌదీలో ఒకే ఇంట్లో డ్రైవరూ, ఆయా కావాలట, మొగుడూ పెళ్ళాం అయితే మంచిదట. అంతకుముందు ఎన్నేళ్ళు కలిసి తిరిగామో, పెళ్ళి మాత్రం ఆ వీసా కోసమే అయింది. రిజిస్టరు ఆఫీసులో సంతకం పెడుతూ ఆయన, ఇంత పొడుగు అప్పగింత పాట ఎవరికీ లేదు, పెళ్ళాన్ని సముద్రం అవతలికి నేనే తోలుకుపోతున్నా అన్నాడు. విమానాశ్రయంలో పెట్టె చూసి ఇదేంటని అడిగితే పిల్లల బొమ్మ అన్నాడు. నొక్కి చూపించమంటే ఆ మూగ మెట్టే నొక్కాడు. బుస్సుమంది. నవ్వి వదిలేశారు. ఖఫ్జీలో ఇల్లు. కువైట్ పక్కనే. ఇంట్లో పాట కూడదు, ఇంటి యజమాని పెద్దాయనకి ఇష్టం లేదు, కానీ శుక్రవారాలు మావ కారు కడగాలని చెప్పి నన్ను నూనె కంపెనీ కాంట్రాక్టు మనుషుల క్యాంపుకి తీసుకెళ్ళేవాడు. కరీంనగరం వాళ్ళు, నిజామాబాదు వాళ్ళు. దుప్పటి కట్టి, దాని వెనక నల్ల అబాయాలో కూర్చుని పాడేదాన్ని. వాళ్ళ యాస వేరు, మా యాస వేరు, రేవు ఎలా ఉంటుందో వాళ్ళకి తెలియదు, అయినా ఉంది అన్న చోట దుప్పటి అవతల ఊపిరి బిగబట్టడం వినిపించేది. కల్లు లేదు, ముంత లేదు, టీ గ్లాసులు. మొండయ్య అని ఒక మేస్త్రీ, అమ్మా నీ పాట ఇంటే తాగకుండనే ఎక్కుతాంది అన్నాడు. అంత పెద్ద బిరుదు నాకు ఇంకెవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు ఒకసారి మెల్లగా పాడి చూసుకుంటే? వద్దు. ఎవరైనా వింటే. అది కాదు. అది కాదని నాకు తెలుసు. పాడి చూసుకోవడానికి భయం.

తొంభైలో, ఆగస్టులో, కువైట్‌ని ఆక్రమించారు, అక్కడి కార్లు మా వైపు రావడం మొదలైంది, నెత్తిన పరుపులు, లోపల పిల్లలు. చలికాలం దాకా అందరూ ఏమీ కాదు ఏమీ కాదన్నారు. యుద్ధం మొదలైన పొద్దున నూనె ట్యాంకు మీద గుండు పడింది, పొగ లేచింది, సూర్యుడు రాగి చెంబు మాడినట్టున్నాడు. పెద్దాయన ఆడవాళ్ళనీ పిల్లల్నీ పెద్ద కారులో ఎక్కించాడు, తానే నడుపుతానన్నాడు. తివాచీలు, సామాను వేసుకుని వెనక పికప్‌లో మావ రావాలి. నేను పికప్ ఎక్కాను. నిజం, ఎక్కాను, ఆయన పక్కన కూర్చున్నాను, పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను. మేడమ్ కేకేసింది, నేను లేకపోతే వాళ్ళ పసిపిల్ల, చిన్నది, ఊరుకోదని. ఆయనే అన్నాడు, పో లచ్చిమీ, వెనకాలే వస్తున్నాగా. పెట్టె నా ఒళ్ళోంచి తీసి తన పక్కన సీటులో పెట్టుకున్నాడు, మనిషిని కూర్చోబెట్టినట్టు. కారు అద్దంలోంచి చాలా దూరం కనిపించింది ఆ పికప్. తరవాత పొగ అడ్డమొచ్చింది. పొగ విడిపోయాక రోడ్డు ఒక్కటే ఉంది. నాకు చిన్నదాని తల గుర్తుంది, నా భుజం మీద, జుట్టు నూనె వాసన. రియాద్‌లో ఆగాం, సైరన్లు మోగాయి, అక్కడి నుంచి ఈ జెద్దా, మళ్ళీ ఖఫ్జీ వెళ్ళనే లేదు వీళ్ళు. బండి దొరికింది కాలిపోయి, మనిషి దొరకలేదు అన్నాడు పెద్దాయన. మనిషి దొరకలేదు అంటే పోయినట్టా, ఉన్నట్టా? అడగడానికి ఎవరున్నారు? గాజులు తీయడానికి ఇక్కడ ముత్తయిదువలు లేరు, బొట్టు ఎలాగూ పెట్టుకోను, కాబట్టి ఏదీ మారలేదు. మా అమ్మ పోయింది, ఫోనులో చెప్పారు. నా ఒళ్ళో పెరిగిన చిన్నది పెళ్ళయి రియాద్ వెళ్ళిపోయింది, కారెక్కుతూ వెనక్కి చూడలేదు. అందరూ వెళ్ళేవాళ్ళే, నేను గుమ్మంలో నిలబడేదాన్ని.

పాట మానేశాను. మొక్కుకున్నాను అనాలి. ఆయన లేకుండా ఆ పాట పాడితే, ఆ చోటు నిండిపోతుంది, ఇక ఆయన రావలసిన పని ఉండదు అనిపించింది. ఆ పాట మానేసినప్పుడు మిగతావీ ఎందుకని అవీ మానేశాను. పిల్లల్ని కూడా పాట లేకుండానే నిద్రపుచ్చాను, తట్టి. సుల్తానా ఎన్నిసార్లడిగిందో, ఒక్క పాట పాడత్తా, మీ గోదారోళ్ళ పాట ఎట్లుంటాదో ఇంటా అని. నగ దాచుకున్నట్టు దాచాను. ఆయనకోసం. నగ అయితే తుప్పు పట్టదు. ఈ మధ్య పేరు పెట్టి పిలిస్తే పలకడానికి కూడా గొంతు ముందు ఒకసారి సవరించుకోవాల్సి వస్తోంది. కారం ఘాటు అనుకున్నాను, ఏసీ అనుకున్నాను, బాత్రూములు కడిగే మందు అనుకున్నాను. గొంతు అనుకోలేదు. ఇవాళ పొద్దున మిరియం బుగ్గన పెట్టుకున్నప్పుడు అనుకున్నాను.

ఒళ్ళో ఫోను వణికింది. మోగలేదు, వణికింది, సుల్తానా చప్పుడు తీసేసినట్టుంది. పచ్చది. ఎడమ పక్క.

"పెద్దమ్మా, నేను బాలన్నను. ఇనవడుతుందా? ఇగో, ఈన్నే ఉన్నడు. నీ పేరు చెప్పిన గని ఏమనలేదు. ఫోన్ చెవుకాడ పెడుత, నువ్వు పిలువు."

పిలిచాను. మావా, నేను లచ్చిమిని అన్నాను. అవతల ఊపిరి. నాకు ఆ ఊపిరి తెలుసు, ముక్కు ఎడమ పక్క కొంచెం బిగుసుకుని ఉండేది, చలికాలం గురక. తెలుసు అనుకుంటున్నానేమో. ఆ తరవాత చాలా మర్యాదగా, మా గోదావరి మర్యాదగా, ఒక ముసలి గొంతు అడిగింది.

"ఎవరండీ తమరు?"

నన్ను అండీ అన్నాడు. జన్మలో అనలేదు. ఫోను మళ్ళీ బాలన్న తీసుకున్నాడు, గట్లనే అంటడు పెద్దమ్మా, మనసుల పెట్టుకోకు, పెట్టె ముంగటేసినం, ఇను అన్నాడు. ఉర్దూలో ఎవరో ఎవర్నో జరగమన్నారు. ఎక్కడో మేక అరిచింది. తిత్తి కదిలింది, ముందు గాలి, ఆ పైన షడ్జమం రెండుసార్లు, తలుపు తట్టినట్టు, ఎప్పుడూ అంతే, పాకలో గోల అణగడానికి. అదయ్యాక రేవు పాట. మెల్లగా. వేళ్ళు ముదిరిపోయాయి, తడబడుతున్నాయి, అయినా ఆ నడక అదే, 'దాటి' దగ్గర కొంచెం జారడం అదే. తాడు, నా, చేతిలోనే. వేలు లేచింది.

ఊరుకుంది పెట్టె.

ఆయనే. దేవుడా, ఆయనే. నా చోటు నాకు వదిలిపెట్టి కూర్చున్నాడు. పేరు పోయింది, మొహం పోయింది, నేను పోయాను, ఈ చోటు మాత్రం ఉంచుకున్నాడు. నోరు తెరిచాను. బుస్సుమని గాలి వచ్చింది. అంతే వచ్చింది. ఆయన ఆగాడు, ఎంత ఆగాలో అంత ఆగాడు, తిత్తి ఊపిరి పీలుస్తూ వదులుతూ, ఆ పైన మళ్ళీ పల్లవి మొదటికి వెళ్ళాడు, పాకలో నేను జనం గోలకి అందుకోలేకపోతే వెళ్ళినట్టే, ఏం ఫరవాలేదు లచ్చిమీ అన్నట్టే. తాడు నా చేతిలోనే. ఆగాడు. నేను పొట్టలోంచి తీశాను, కాళ్ళలోంచి తీశాను, గాలి వచ్చింది, గాలి చివర్న తలుపు కీచుమన్నట్టు ఏదో, అది స్వరం కాదు, అది నేను కాదు. గుమ్మంలో సుల్తానా నిలబడి రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుంది. మూడోసారీ వెళ్ళాడు మొదటికి. మూడోసారీ ఆగాడు. ఎక్కువసేపు ఆగాడు. ఆ నిశ్శబ్దంలో మేక మళ్ళీ అరిచింది, ఎవరో దగ్గారు, నా నోరు తెరిచే ఉంది.

అప్పుడు ఆయన ఆ మెట్టు నొక్కాడు. మెల్లగా, వెతుక్కుంటూ, కొత్తగా నేర్చుకునేవాడిలా ఒక వేలు పెట్టి నొక్కాడు. మంచి పెట్టె. నిండుగా మోగింది.

"పెద్దమ్మా, ఆయననేనా? నిన్నయితే గుర్తువట్టలేదు గద."

నన్ను గుర్తుపట్టక్కర్లేదు నాయనా, రాసుకో అన్నాను. మాట్లాడ్డానికి మాత్రం గొంతు వచ్చింది, మాట్లాడ్డానికి ఎప్పుడూ వస్తుంది. పేరు అమ్మిరాజు. ఊరు కడియం పక్క బుర్రిలంక, అక్కడ ఆయన చెల్లెలుంది, పూల నర్సరీలో పనిచేస్తుంది, నమ్మకమైన మనిషి. చలికి ఆగలేడు, విమానంలో దుప్పటి అడగండి. ఆవకాయ పెట్టకండి, దగ్గు వస్తుంది. ఎంబసీవాళ్ళు ఎప్పుడు పిలిస్తే అప్పుడు నేనే వచ్చి చెబుతాను, భార్యనని కాగితం ఉంది. అంతా చెప్పాను, వరసగా, పెట్టె సర్దినట్టు. రాసుకుంటున్నాడు బాలన్న, అక్షరం అక్షరం పలుకుతూ. బయట అసర్ బాంగు మొదలైంది, పైన మేడమ్ గది తలుపు తీసిన చప్పుడు, ఇక వాళ్ళ కాఫీ, గహ్వా, పెట్టాలి, ఏలకులు దంచలేదు. సుల్తానా ఫోనుకోసం చెయ్యి చాపింది. ఒక్క నిమిషం అని సైగ చేశాను. అవతల ఆయన మళ్ళీ ఎత్తుకున్నాడు, షడ్జమం రెండుసార్లు, రేవు దాటి పోయినవాడా, ఈసారి వేళ్ళు తడబడలేదు, తాడు నా చేతిలోనే, నోరు మూసుకుని విన్నాను, ఈసారి ఆ చోట ఆయన ఆగలేదు.